రెండు మూతలు

రైల్వే డాక్టరు అట్టపెట్టె తెరిచి బల్ల మీద పెట్టగానే ఇంజను డ్రైవరు గుండెల్లో రాయి పడింది.

పెట్టె నిండా బొటనవేలంత తగరపు సైనికులు. అందరూ ఒకే అచ్చులో పోసినవాళ్లే. అదే టోపీ, అదే తుపాకీ. ఇంకా ఎవరి ఒంటి మీదా రంగు లేదు.

"సగం మందికి ఎర్రకోట్లు, సగం మందికి ఆకుపచ్చ కోట్లు వెయ్యాలి," అన్నాడు డాక్టరు. "రెండు వందల ఏళ్ల కిందటి యుద్ధం. ఆదివారం మా బావమరిదితో బల్ల మీద ఈ బొమ్మలతో ఆడతాను. ఆయనకి చరిత్ర పిచ్చి. రంగు తేడా వచ్చిందంటే నా పరువు తీస్తాడు."

"మీరే వేసుకుంటే బాగుంటుందేమోనండీ."

"నా చేతులు వణుకుతాయయ్యా. నువ్వు చేసిచ్చిన నల్ల ఇంజను బొమ్మ చూశాక నాకింకెవరూ తట్టలేదు. నీ కళ్ల మీద నాకు గురి. ఇవిగో రంగులు. ఏ సీసా ఏదో నన్నడక్కు, మూతల మీద రాసుంది."

చేతులు వణుకుతాయట. ఇందాక అదే చేత్తో సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా లేదు. డ్రైవరుకి అనుమానమొచ్చింది. ఇది బొమ్మల పని కాదు, తన కోసం పన్నిన వల.

ఎందుకంటే డ్రైవరు కళ్లకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటే మడ్డి రంగు. యార్డులో సిగ్నలు స్తంభం మీద ఏ దీపం ఏ చోట వెలుగుతుందో చూసి ఇన్నేళ్లూ బండి నెట్టుకొచ్చాడు. ఏటా జరిగే కంటి పరీక్షలో కాంపౌండరు రంగు అద్దాలు ఒకే వరసలో చూపిస్తాడు. ఆ వరస డ్రైవరుకి కంఠతా వచ్చు. డాక్టరు అద్దాల వంక చూడను కూడా చూడడు. కాంపౌండరు తల ఊపితే సంతకం గీకేస్తాడు. అంత నమ్మకం మనిషికి.

ఆ నమ్మకం కాస్తా ఇప్పుడు పోయినట్టుంది. వచ్చే వారమే పరీక్ష. సంగతి బయటపడితే ఇంజను దిగి గోదాములో మూటలు మొయ్యాలి. డ్రైవరుకి ఇంజను తప్ప ఇంకో పని రాదు, అక్కర్లేదు కూడా. పోనీ బొమ్మలు వెయ్యనందామా అంటే, ఎందుకు వెయ్యవని అడుగుతాడు. నోరు మూసుకుని పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మొదట్లో బాగానే సాగింది. సైనికుల్ని రెండు పళ్లేలలో నిలబెట్టాడు. బూట్లు నలుపు, నడికట్లు తెలుపు. అవి అతనికి కొట్టిన పిండి. తర్వాత ఈ పళ్లెంలో ముందు వరసకి ఎరుపు, ఆ పళ్లెంలో ముందు వరసకి ఆకుపచ్చ. మూతల మీది పేర్లు పదిసార్లు చదువుకుని మరీ వేశాడు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి భార్య అన్నానికి బల్ల ఖాళీ చేసింది. రెండు సీసాలూ కిటికీలో ఉన్నాయి. మూతలు రెండూ ఒక గిన్నెలో ఉన్నాయి.

"ఎవరు ముట్టుకోమన్నారు?"

"నేనేం ముట్టుకోలేదండీ, పక్కన పెట్టానంతే."

డ్రైవరు సీసాల్ని వెలుగులో పెట్టి చూశాడు. వాసన చూశాడు. రెండూ ఒకటే. భార్యని అడిగితే నిమిషంలో తేలిపోతుంది. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పైగా ఆమె తమ్ముడు అదే యార్డులో ఇంజను ఎప్పుడు దొరుకుతుందా అని కాచుక్కూర్చున్నాడు.

"ఈ రంగు ఎలా ఉందంటావ్?" అన్నాడు ఒక సీసా పైకెత్తి, మాట వరసకి అడిగినట్టు.

"బాగుంది."

"మరి ఇదో?"

"అదీ బాగుంది. రంగులకేం గానీ, పండిన టమాటాలు తెమ్మంటే ఇవాళ కూడా అన్నీ పచ్చివే తెచ్చారు. ధ్యాసంతా ఈ బొమ్మల మీదే."

ఇక ఆమెని కదపలేదు. దేవుడి మీద భారం వేసి, ఒక సీసాలో కుంచె ముంచి ఎర్ర పళ్లెంలో వెనక వరస పూర్తి చేశాడు. రెండో సీసాతో రెండో పళ్లెం. సరిపడితే సరే. లేదంటే ఒక్కో దళంలో సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. రెండ్రోజులు అదే పని. పళ్లేల ముందు కూర్చుని చూడటం, లేవటం, మళ్లీ కూర్చోవటం.

ఇచ్చి రావలసిన రోజు, చొక్కా తొడుక్కుంటుంటే బుర్ర వెలిగింది. అందరిదీ ఒకే అచ్చు కదా. అందర్నీ కలిపేస్తే? తప్పినా తప్పకపోయినా మొత్తం మీద ఎర్రవి సగమే, పచ్చవి సగమే. ఏది ఏ పళ్లెంలోదో బ్రహ్మకి కూడా తెలియదు. కళ్లున్న డాక్టరు, ఆయనే ఏరుకుంటాడు.

బొమ్మలన్నిటినీ ఒకే పెట్టెలో కలగలిపి, దూది కప్పి, ఈల వేసుకుంటూ ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టరు దూది తీశాడు. ఒక సైనికుణ్ణి ఎత్తి చూశాడు. ఇంకొకణ్ణి ఎత్తి చూశాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి కళ్లు చికిలించాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నీ కలిపేశావేమయ్యా?"

"మీరు ఏరుకుంటారు కదా అనండీ."

డాక్టరు కాంపౌండర్ని టీ తాగి రమ్మని పంపించాడు. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు డ్రైవరు.

"వాడు తిరిగొచ్చేలోపు ఎర్రవి ఇటు, పచ్చవి అటు వేరుచేసి పెట్టు నాయనా," అన్నాడు డాక్టరు అతని చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "పుట్టినప్పట్నుంచీ నా కళ్లకి ఆ రెండూ ఒకటే."