తలుపు వెనక మేకు

నలభై మంది యాత్రికుల్ని మునిసిపల్ ఆఫీసు బాల్కనీ కింద నిలబెట్టి నదేజ్ మరోసారి చెప్పింది. అయిదింటికి మేయరు పైనుంచి హెర్రింగ్ చేపలు విసురుతాడు, ఎవరికి దొరికితే వాళ్ళవే, ఆరింటికల్లా అందరూ బస్సు దగ్గర ఉండాలి. చెప్పడం అయ్యాక పాత బొచ్చుకోటు తొడుక్కుని, ఈకల టోపీ పెట్టుకుని, మాస్కు కట్టుకుని, అక్కడి వేషగాళ్ళలా పొడుగు కర్ర గొడుగు పట్టుకుని జనంలో కలిసిపోయింది.

ఆమె పనిచేసే కంపెనీ దేశంలోని సంబరాలన్నీ తిప్పి చూపిస్తుంది. మాంతోన్‌లో నిమ్మకాయల పండగ, జూలైలో లావెండర్ తోటలు, డిసెంబరులో లియోన్ దీపాలు. వేటికైనా నదేజ్ రెడీ. డంకిర్క్ కార్నివాల్ అనేసరికి మాత్రం ఏటా ఏదో ఒక జబ్బు తెచ్చుకునేది. ఈసారి తనే అడిగి మరీ వచ్చింది.

డంకిర్క్ ఆమె సొంత ఊరు. పందొమ్మిదేళ్ళ కిందట, ఇలాంటి రోజునే, ఈ బాల్కనీ కిందే, ఎనిమిదేళ్ళ కూతురితో, "వెళ్ళి నాకో చేప పట్టుకురా, నేనిక్కడే ఉంటా" అంది. పిల్ల జనం కాళ్ళ మధ్యనుంచి దూరిపోగానే, వెనక వీధిలో ఆగి ఉన్న యాత్రికుల బస్సెక్కేసింది. ఆ బస్సు డ్రైవరు మీద మనసు పడింది మరి. గంటల గోపురం కంటపడకుండా కిటికీకి తెర లాక్కుని కూర్చుంది. ఆ మహానుభావుడు మూడేళ్ళకే ముఖం చాటేశాడు. అప్పుడు తిరిగి రావడానికి ఆమెకి ముఖం చెల్లలేదు.

ఇన్నేళ్ళూ ఆమెని తొలిచేసిన ప్రశ్న ఒకటే. ఆ రోజు పిల్లకి చేప దొరికిందా? దొరక్కపోయి ఉండాలని ఆమె ఆశ. చీకటి పడేదాకా వెతుక్కుంటూ ఉండి ఉంటుంది, ఈలోగా తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని ఉంటాడు, తల్లి లేదన్న సంగతి మెల్లగా తెలిసి ఉంటుంది. సిగ్గులేని ఊరటే కానీ, ఆమెకి ఉన్నది అదొక్కటే.

కార్నివాల్ నాడు ఆ ఊళ్ళో తలుపు తెరిచి ఉన్న ఇంట్లోకి మాస్కు వేసుకున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చు. పేరడగరు. సూపు పోసి, బీరిచ్చి పంపిస్తారు. నదేజ్ నమ్ముకున్నది ఆ మర్యాదనే.

తన పాత ఇంటి తలుపు తెరిచే ఉంది. వంటింట్లో పదిమంది దాకా వేషగాళ్ళు. నదేజ్ లోపలికి వచ్చి, గొడుగుని చూడకుండానే తలుపు వెనక మేకుకి తగిలించి, బల్ల చివర సర్దుకుంది.

పెళ్ళాం గౌను తొడుక్కొచ్చిన గడ్డం మనిషి ఒకడు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఎవత్తివే నువ్వు? ఆ నడక చూస్తే పోయిన మా అత్త లేచొచ్చినట్టుంది" అన్నాడు.

"నీలాంటి అల్లుడుంటే ఏ అత్తయినా పోక ఏం చేస్తుంది?" అంది నదేజ్, ఎవరో తెలియకుండా వేషగాళ్ళు పెట్టే కీచుగొంతుతో. అందరూ గొల్లుమన్నారు.

పొయ్యి దగ్గరున్న కూతురు పెరీన్ కూడా తలెత్తి నవ్వింది. ఇరవై ఏడేళ్ళ మనిషి. అచ్చం తండ్రి నుదురు. తలుపు వైపు ఓసారి చూసి, గిన్నె నిండా ఉల్లిపాయల సూపు తెచ్చి ముందు పెట్టింది. కాలుతోంది, మెల్లగా తాగండి అని చెప్పింది.

మిగతావాళ్ళు పాటందుకున్నారు. గోడమీద పెళ్ళి ఫోటో ఇంకా అలాగే ఉంది. నదేజ్ ఉండబట్టలేక, అందులో ఉన్నావిడ ఎవరని అడిగింది.

"మా అమ్మ. పోయింది." పెరీన్ ఎదురుగా కూర్చుంది. "ఇలాంటి రోజేనండి. నన్ను చేప కోసం పంపింది. ఎంతకీ రాలేదని నన్ను వెతుక్కుంటూ జనంలోకి వచ్చిందట. తొక్కిసలాటలో నలిగిపోయింది. నేను తొందరగా వచ్చుంటే బతికుండేది. చేతులారా చంపుకున్నాను."

ఇది తన మొగుడు అల్లిన కథే, సందేహం లేదు అనుకుంది నదేజ్. ఊళ్ళో తలెత్తుకోవడానికి ఏదో చెప్పి, పిల్ల గుండెల మీద బండ పెట్టాడు. పాపిష్టివాడు.

"ఇంతకీ చేప దొరికిందా?" అంది. కీచుగొంతు సగంలో తప్పింది.

పెరీన్ గిన్నెని ఆమె ముందుకి జరిపింది. సూపు చల్లారిపోతోంది, తాగమంది.

ఒక్క మాట చాలు, ఆ బండ దిగిపోతుంది. నదేజ్ చెయ్యి మాస్కు తాడు మీదికి పోయింది. పెరీన్ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. "ఈ ఇంట్లో మాస్కు తియ్యకూడదండి. ఎవరో తెలిసిపోతే ఈ మర్యాద ఉండదు" అంది నవ్వుతూనే. నొప్పి పుట్టేదాకా ఆ పట్టు వదల్లేదు.

గంటల గోపురం అయిదు కొట్టింది. చౌకు వైపునుంచి జనం కేకలు వినిపించాయి. నదేజ్‌కి ధైర్యం జారిపోయింది. ఉత్తరం రాస్తాను, అంతా విడమర్చి రాస్తాను, నీ తప్పేం లేదని రాస్తాను అనుకుంటూ లేచింది.

పెరీన్ తలుపు వెనక మేకుకున్న గొడుగు తీసి ఆమె చేతికిచ్చింది. గడప దాకా సాగనంపింది. వదులైన మాస్కు తాడుని వెనకనుంచి గట్టిగా బిగించి ముడేస్తూ, చెవి దగ్గరికి వంగింది.

"దొరికింది, నువ్వు కిటికీకి తెర లాక్కుంటున్నప్పుడు దాన్ని పట్టుకుని నీ బస్సు పక్కనే నిలబడి ఉన్నానమ్మా."