అవతలి ఒడ్డున ఉండిపోయినవాళ్ళు

మొదటి పేజీలోనే ఎర్ర పెన్సిలు గీత పడింది.

తల్లి కూతురి వైపు వంగింది.

"అయిపోయింది. ఇక వెయ్యరు," అంది కూతురి చెవిలో.

"ఊరుకో అమ్మా! కామా పెట్టారు, అంతే."

అది సైనిక చరిత్ర పత్రిక ఆఫీసు. ఏ వ్యాసం వచ్చినా, యుద్ధం తెలిసిన పెద్దమనిషి ఒకరు రాసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దుతారు. ఆయన పేరు మాత్రం అడక్కూడదు. మొహమాటాలకీ సిఫార్సులకీ చోటుండకూడదని అక్కడి పద్ధతి.

ఆ రోజు వచ్చినాయన బక్కపల్చటి ముసలాయన. మాట మెత్తన, పెన్సిలు మాత్రం కత్తి.

కూతురు రాసింది ఒక వంతెన దగ్గర జరిగిన పోరు గురించి. ఆ పోరులో దళమంతా వెనక్కి వచ్చేసింది. అవతలి ఒడ్డున కాపలా ఉన్న కొద్దిమంది మాత్రం తిరిగి రాలేదు. వాళ్ళు భయపడి పారిపోయారని అందరూ చెప్పుకున్నారు.

ఆ కొద్దిమందిలో ఈ తల్లిని కన్న తండ్రి ఒకడు.

చిన్నప్పుడు బడిలో ఆమెకు వేరే పేరు లేదు. 'పారిపోయినోడి కూతురు', అంతే. ఇన్నేళ్ళకు తన కడుపున పుట్టిన పిల్ల పాత రికార్డులన్నీ తిరగేసి, వాళ్ళు పారిపోలేదని రాసింది. తల్లికి గర్వంగానే ఉంది. ఆ గర్వానికి తోకలా భయం.

ముసలాయన ఒకచోట ఆగాడు.

"'పొగమంచులో దారి తప్పి అవతలే ఉండిపోయారు'... ఇదేంటమ్మా?"

"ఆ వేళ మంచు బాగా పట్టిందండీ."

"ముందు రోజు పట్టలేదా?"

"పట్టింది."

"మరి ముందు రోజు ఎవరూ తప్పిపోలేదే?"

కూతురు తను తెచ్చుకున్న రికార్డుల నకళ్ళు తిరగేసింది.

"దారి తప్పారంటే సగం పారిపోయారన్నట్టే. నిజంగా ఏం జరిగింది?"

"వెనక్కి రమ్మనే కబురు వాళ్ళకి అందలేదండీ. కమాండరు పంపలేదు. పంపితే ఆ అలికిడికి శత్రువు పసిగడతాడని, వాళ్ళని అక్కడే వదిలేసి మిగతావాళ్ళని తెచ్చేసుకున్నాడు. వాళ్ళు ఆఖరి తూటా దాకా వంతెన కాచారు."

"తెలిసీ రాయలేదేం?"

తల్లి ఉండబట్టలేకపోయింది.

"నేనే వద్దన్నానండీ! ఆ కమాండరు తర్వాత పెద్ద ఆఫీసరు అయ్యాడట. పిల్లలుంటారు, మనవలుంటారు. రేపు మా ఇంటి మీదికొస్తే? కోర్టుకీడిస్తే? ఆడపిల్లని పెట్టుకుని నేనెక్కడికి పోను?"

"భయపడితే చరిత్ర ఎలా రాస్తారమ్మా?"

ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండింది.

"కుర్చీలో కూర్చుని గీతలు గీయడం తేలికే బాబుగారూ! అవతలి ఒడ్డున ఉండిపోయింది మా నాన్న. మీ నాన్న కాదు."

కూతురు తల్లి మోచెయ్యి గిల్లింది. ముసలాయన పెన్సిలు ఆగిపోయింది.

తల్లి ముఖంలో ఎవరి పోలికో వెతుకుతున్నట్టు చూశాడు.

"తేలికేనమ్మా," అన్నాడు చివరికి. "చాలా తేలిక."

పెన్సిలు కూతురి ముందు పెట్టాడు.

"మంచు కొట్టెయ్. కమాండరు పేరు రాయి."

"పేరే రాయాలాండీ?"

"ఇంటిపేరుతో సహా. ఒట్టి పేరు రాస్తే అదే పేరున్న అమాయకులు ఎంతమందో తిట్లు తింటారు."

కూతురు మంచు కొట్టేసింది. ఇంటిపేరుతో సహా పేరు రాసింది.

అప్పుడే లోపలికి వచ్చిన సంపాదకుడు ఆ కాగితం చూశాడు. తర్వాత ముసలాయన్ని చూశాడు.

"ఇది ఇలాగే వేసెయ్యమంటారా సార్?"

"ఒక్క అక్షరం తీసినా ఊరుకోను."

వ్యాసం అచ్చయింది.

తల్లి కాలు ఇంట్లో నిలిచింది కాదు. మందుల షాపతనికి చూపించింది. టైలరు చేత కుట్టు మిషను ఆపించి మరీ చదివించింది. బడిలో తనతో చదివిన ఆవిడకి ఫోను చేసి, 'వాళ్ళు పారిపోలేదు' అన్న ముక్క గట్టిగా చదివి వినిపించింది.

"వినపడిందా? పోనీ ఇంకోసారి చదవనా?"

సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ భయం పట్టుకునేది. వీధిలో కారు ఆగితే చాలు, కిటికీ తెర పక్కనుంచి తొంగి చూసేది.

ఒకరోజు తను భయపడినంత పనీ అయ్యింది. తలుపు తీస్తే, ఎదురుగా ఇంచుమించు తన వయసు ఆవిడ.

"వంతెన వ్యాసం రాసిన అమ్మాయి ఇల్లు ఇదేనాండీ? నేను ఆ కమాండరుగారి కూతుర్ని."

తల్లి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది.

"మా పిల్లనేమీ అనకండి. అనేదేదో నన్ననండి. అది రాసిందంతా నిజం. ఎవరొచ్చినా ఈ మాట మార్చం."

"మార్చొద్దండీ. గొడవకి రాలేదు నేను." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "పత్రిక వచ్చిన మర్నాడే నాన్న పోయారు. పోయే ముందు ఆ వ్యాసం నాచేత చదివించుకుని విన్నారు. మీకు ఒక మాట చెప్పి రమ్మన్నారు."

తల్లి చేతులు గుమ్మం మీంచి మెల్లగా జారాయి.

"ఏమని?"

"'ఆ పిల్ల పాపం, పొగమంచని రాసి నన్ను వదిలేద్దామనుకుంది, నేనే పక్కన కూర్చుని నా పేరు రాయించాను' అని చెప్పమన్నారండీ."