కుడివైపు బొమ్మ

మెట్ల మీద ఎవరో అడ్డంగా కూర్చున్నారు.

లావాటి ఆవిడ. గోడకు చెయ్యి ఆనించి ఆయాసపడుతోంది.

“కాస్త జరుగు తల్లీ. మెట్లన్నీ నీ పేర రాసిచ్చారా?” అన్నాడు దర్జీ.

వెనకున్న అతని భార్య కిసుక్కున నవ్వింది.

పైన స్లిమ్మింగ్ సెంటర్. తలుపు పక్కన గోడంత పోస్టరు. ఎడమవైపు లావు మనిషి, కింద ‘ముందు’ అని. కుడివైపు తీగలాంటి మనిషి, కింద ‘తర్వాత’ అని. టీవీలో, ఫోనులో, బస్సుల వెనక, ఎక్కడ చూసినా ఆ బొమ్మలే. పేపర్లో వచ్చిన కుడివైపు బొమ్మను కత్తిరించి దర్జీ భార్య అద్దానికి అతికించుకుంది.

“ఏమైనా తింటున్నావా అమ్మాయీ?” అని దర్జీ భార్యను అడిగింది మెట్ల మీది ఆవిడ.

“వీళ్లిచ్చే పొడి కలుపుకుని తాగుతున్నా. అంతే.”

“కళ్లు తిరగడంలేదూ?”

“తిరిగితే తిరగనీ అక్కా. నడుం తగ్గుతోందిగా.”

“ఆ బొమ్మను నమ్మకు తల్లీ. అది...”

దర్జీ పూర్తి చెయ్యనివ్వలేదు.

“నీ వల్ల కాలేదని మా ఆవిడను కూడా ఆపుతావా? కుళ్లుకి మందు లేదు. ముందు దారి వదులు.”

ఆవిడ తలదించుకుంది.

మర్నాటి నుంచి ఆవిడను వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. చెప్పింది దర్జీయే.

భార్య బట్టలకు అతనే కుట్లు బిగించేవాడు. బిగించినకొద్దీ ఆమెకు సంతోషం. ఆమెను చూసి అతనికి గర్వం.

“ఇంకా ఎంతండీ?” అని అద్దం ముందు నిలబడి అడిగేది.

“ఇంకొంచెం. బొమ్మలో నడుం చూడు,” అనేవాడు.

దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చేది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ నోరెత్తలేదు.

ఒక ఉదయం వంటింట్లో పొడి కలుపుతూ కలుపుతూ ఒరిగిపోయింది.

“ఒంట్లో ఏముందని? గుండె మాత్రం ఎన్నాళ్లు లాక్కొస్తుంది?” అన్నాడు డాక్టరు.

సాగనంపేటప్పుడు తొడిగిన బట్టలు కూడా ఆమెకు వదులే అయ్యాయి.

దర్జీ తిన్నగా సెంటరుకు వెళ్లాడు. గేటు మీదా అదే పోస్టరు. పట్టుకుని చింపబోయాడు. పక్కన ఆ లావాటి ఆవిడ నిలబడి ఉంది.

“విన్నాను నాయనా,” అంది.

“ఆ రోజు ఏదో చెప్పబోయావు. ఏంటది?”

“ఇప్పుడెందుకులే.”

“చెప్పమ్మా.”

“లావు తగ్గాలని నేనూ వీళ్ల దగ్గరికే వచ్చాను. ‘మళ్లీ ఇలా కావాలి’ అని పెళ్లికి ముందు దిగిన ఫోటో చూపించాను. తీసుకున్నారు, తిరిగివ్వలేదు. అది అడగడానికే ఆ మెట్లెక్కేదాన్ని.”

“మరి నలుగురికీ చెప్పలేకపోయావా?”

“చెప్పాను. ఈ ఒంటితో చెబితే ఎవరు వింటారు బాబూ? నువ్వు విన్నావా?”

అతను పోస్టరు వైపు తిరిగాడు. ఎడమవైపు బొమ్మ ముఖం చూడటం అతనికి అదే మొదలు. ఆనక కుడివైపు బొమ్మ ముఖం చూశాడు.

రెండూ ఆవిడ ముఖాలే. కాకపోతే ‘తర్వాత’ అని రాసిన బొమ్మే ముందు తీసింది.