పెరునికా కోరిన పాట

పాట పూర్తిగా ఆగకముందే స్టూడియో ఫోను మీద ఎర్ర దీపం వెలిగింది.

"రేవు పిన్నే అయ్యుంటుంది," అంది అనౌన్సర్ స్మిల్యా సంబరంగా.

వెలిమిర్ మొహం మాడ్చుకున్నాడు.

తిసా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి రేడియోలో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కొత్త పాటల మీద తీర్పు చెప్పేది అతనే. ఊరు మాత్రం ఆ తర్వాత ఫోన్ చేసే ఆవిడ మాట కోసం కాచుకుని కూర్చునేది. రొట్టెల కొట్లో జున్ను పెట్టిన వేడి బూరెక్ కోసం నిలబడితే, "ఈ వారం పిన్ని ఏమంటుందో?" అని అతన్నే అడిగేవారు.

ఆవిడ అసలు పేరు రేడియోలో ఎవరికీ తెలియదు. "పేరెందుకమ్మా, రేవు దగ్గర పిన్ని అంటే చాలు," అందట మొదటిసారే.

ఆ రోజు పాట నెబొయ్షాది. ఒకప్పుడు వెలిమిర్ పక్కన నిలబడి గిటారు వాయించినవాడు. ఇప్పుడు బెల్‌గ్రేడ్‌లో పెద్ద పేరు. కొత్త వీడియోలో హెలికాప్టర్ ఉంది, తెల్ల గుర్రం కూడా ఉంది.

"ఈ వీడియోలో అందరికంటే బాగా నటించింది గుర్రం," అన్నాడు వెలిమిర్ మైకులో. "పాట కూడా దానికే ఇచ్చి ఉండాల్సింది."

స్మిల్యా నవ్వాపుకుంటూ ఫోను కలిపింది.

"గుర్రాన్ని నేను చూళ్ళేదు నాయనా, మా ఇంట్లో రేడియో ఒక్కటే," అంది పిన్ని. "బాణీ పాతదే, కొత్త చొక్కా తొడిగారు. కానీ చివర్లో గొంతు బొంగురుపోయింది చూడు, దాన్ని దిద్దకుండా అలాగే వదిలేశాడు. ఆ ధైర్యం ఉన్నవాడు రేపు మంచి పాట పాడతాడులే."

ఎంత చెత్త పాటలోనైనా ఆవిడకి ఇలాంటిది ఒకటి దొరికేది. నెబొయ్షాని మెచ్చుకుందన్నది వెలిమిర్‌కి ఒక మంట. తనకంటే బాగా చెప్పిందన్నది ఇంకో మంట.

"పాటల గురించి మీకేం తెలుసు పిన్నీ? జన్మలో ఒక్క రికార్డైనా కొన్నారా?"

"ఒక్కటి కొన్నాను నాయనా. నాకది చాల్లే."

"నేను ఊరికే విన్నవాణ్ణి కాదు, పాడినవాణ్ణి." వెలిమిర్ గొంతు లేచింది. "ఇదే రేడియోలో నా 'మంచులో పడవ' ఒక వేసవంతా మోగింది. ఆదివారం శ్రోతలు కోరిన పాటల్లో ఒకసారి పెరునికా అడిగేది, ఒకసారి సావ్కా, ఒకసారి యాగొదా. వాళ్ళ మొహాలు కూడా నాకు తెలీవు. ఊరు ఊరంతా కోరి వింది. పాటంటే అదీ."



"అవున్నాయనా. మంచి పాట," అని పెట్టేసింది పిన్ని.

కార్యక్రమం అయ్యాక మేనేజరు మిలుతిన్ తలుపులోంచి తొంగిచూశాడు.

"ఆవిడనే పిలిచి నీ కుర్చీలో కూర్చోబెడితే ఎలా ఉంటుందంటావ్?"

మిలుతిన్ నవ్వుతూనే అన్నాడు. వెలిమిర్ నవ్వలేదు. ఆ ఒక్క పాట, ఆ ఒక్క కుర్చీ తప్ప అతనికి మిగిలింది ఏమీ లేదు.

"ఇకమీదట ఆవిడ ఫోన్ కలపకు," అన్నాడు స్మిల్యాతో.

"పెద్దావిడ వెలిమిర్, పాపం..."

"ఆవిడో నేనో తేల్చుకో."

ఆ తర్వాతి శుక్రవారాల్లో రేవు పిన్నికి లైను దొరకలేదు.

మెల్లగా మిగతావాళ్ళ ఫోన్లూ తగ్గాయి. రొట్టెల కొట్లో అతన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. ఒకరోజు మిలుతిన్ వచ్చి, ఈసారి నవ్వకుండానే చెప్పాడు.

"పిన్ని లేదని జనం రేడియో కట్టేస్తున్నారు. వెళ్ళి ఆవిడని తీసుకురా. లేదంటే కార్యక్రమం ఉండదు, నీ కుర్చీ కూడా ఉండదు."

స్మిల్యా దగ్గర నంబరు తీసుకుని, ఇల్లు కనుక్కుని, కాఫీ పొడి పొట్లం ఒకటి కొనుక్కుని వెలిమిర్ రేవు దారి పట్టాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా అనుకుంటూనే ఉన్నాడు. ఏ మాటా నోటికి కుదరలేదు.

గేటుకి నల్ల అంచు కాగితం అంటించి ఉంది.

తలకి రుమాలు కట్టుకున్న ముసలావిడ ఫొటో. కింద డెసాంకా అని పేరు.

పెరట్లో బకెట్టు పట్టుకున్న ముసలాయన తలెత్తాడు. పక్కింటాయన.

"ఎవరు బాబూ? మొన్ననే మట్టిచేశాం."

"రేడియో నుంచండీ."

"వెలిమిర్ గారా?" ఆయన మొహం విప్పారింది. "ప్రతి శుక్రవారం మీకోసం ఫోను పట్టుకుని కూర్చునేది. లైను దొరక్కపోతే ఎంత మురిసిపోయేదో. 'చూశావా, మా అబ్బాయికి ఎంతమంది ఫోన్ చేస్తున్నారో, నాకు సందే దొరకడం లేదు' అనేది."

వెలిమిర్ కాఫీ పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మా అబ్బాయి అనేదా?"

"మొగుడు చనిపోయిన ఏడాది పొయ్యి కూడా వెలిగించకుండా పడుకుంది. అప్పుడొచ్చింది మీ పడవ పాట. అది విని లేచింది మనిషి. ఇంక ప్రతి ఆదివారం అదే వెయ్యమని ఫోను. ఒక మనిషికి నెలకి ఒక్కసారే వేస్తామన్నారట రేడియోవాళ్ళు. ఆవిడ దానికీ ఉపాయం కనిపెట్టిందిలెండి."

"ఏం ఉపాయం?"

ముసలాయన నవ్వి, బకెట్టు అందుకుని నది గట్టువైపు తిరిగాడు.

"పాలు పితకాలి, ఉండండి. ఇప్పుడున్నవి మునిమనవరాళ్ళు. పేర్లు మాత్రం అప్పటివే. ఒకటి పోతే దాని పిల్లకి మళ్ళీ అదే పేరు పెట్టుకునేది, పిచ్చిది."

బకెట్టు మీద రెండుసార్లు తట్టి, "పెరునికా, సావ్కా, యాగొదా," అని ఆయన పిలవగానే, గట్టు మీద గడ్డి మేస్తున్న మూడు మేకలు తలలెత్తి వెలిమిర్ వైపు చూశాయి.