ఈ నెల ఉత్తమ కృతజ్ఞత

"కడ్డీ వదులైందని నీకెవరూ చెప్పలేదా?" అని ఓనరు గద్దించేసరికి సూపర్‌వైజరు తల దించుకున్నాడు.

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

అనేశాడు గానీ, చూపు నేల మీంచి లేవలేదు. చుట్టూ పదిమంది పనివాళ్లు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీలో పొద్దస్తమానం రొద చేసే మెషిన్లన్నీ నోరు మూసుకుని ఉన్నాయి. ఉదయం ఇస్త్రీ రోలరు ముందు, చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఉండే కడ్డీ ఊడిపడింది. దుప్పటితో పాటు, ఆ మెషిన్ మీద పనిచేసే మడతలక్క కుడిచెయ్యి కూడా లోపలికి పోయింది. ఎవరో చప్పున స్విచ్చి కట్టేయబట్టి వేళ్లు దక్కాయి గానీ, మణికట్టు దాకా బొబ్బలెక్కింది. కట్టు కట్టించుకుని ఇప్పుడే వచ్చి, గోడవారగా నిలబడింది పాపం.

ఓనరు ఆమె వైపు తిరిగాడు. "పంతొమ్మిదేళ్లుగా ఆ మెషిన్ దగ్గరే ఉన్నావు. కడ్డీ ఊగుతుంటే కనబడలేదా? చెప్పడానికి నోరు రాలేదా?"

మడతలక్క నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీదున్న బోర్డు వంక చూసింది. మళ్లీ మూసుకుంది.

ఆ బోర్డు రాయించింది సూపర్‌వైజరే. 'ఫిర్యాదులు చెప్పులతో పాటు గుమ్మం బయటే విప్పండి!' పాజిటివ్ సైకాలజీ అంటూ రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అతను మనిషే మారిపోయాడు. లాండ్రీలో ఎవరూ 'ఉడికి చస్తున్నాం' అనకూడదు, 'వెచ్చగా ఉంది' అనాలి. రోజూ ఇంటికెళ్లే ముందు ఒక్కొక్కరూ ఒక కృతజ్ఞత చీటీ రాసి పెట్టెలో వెయ్యాలి. వెనకాల అందరూ 'నవ్వుల మాస్టారు' అని నవ్వుకుంటున్నారని తెలిసినా, అదీ మెప్పే అనుకుని మురిసిపోయాడు మహానుభావుడు.

ఇప్పుడు మాత్రం అతనికి ఒకటే గుర్తొస్తోంది. ఆ మధ్య ఒక పొద్దున మడతలక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సూపర్‌వైజర్ బాబూ, ఆ కడ్డీ..." అంది. అతను వేలు పెదవుల మీద పెట్టుకుని, "అక్కా! ఏదైనా సరే, మంచివైపు నుంచి చెప్పు" అన్నాడు. ఆమె కాసేపు నిలబడి, ఏమనుకుందో ఏమో, వెళ్లిపోయింది.

చెప్పేద్దామా? చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆమెది ఊడుతుంది. సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి.

"ప్రమాదం ఉందని తెలిసీ చెప్పని మనిషిని నేను పెట్టుకోలేను" అన్నాడు ఓనరు. "రేపట్నుంచి రావద్దు."

మడతలక్క ఓనరును అడగలేదు. సూపర్‌వైజరును అడిగింది. "ఈ చేత్తో నాకింకెవరు పనిస్తారు బాబూ?"

"సార్ చెప్పారు కదక్కా..." అని గొణిగాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే అతనికే అసహ్యం వేసింది. వెనక ఎవరో తువ్వాలు గంపలోకి విసిరికొట్టారు. తలెత్తి అదెవరో చూసే ధైర్యం లేకపోయింది.

ఓనరు విసురుగా గుమ్మం దాకా వెళ్లి, గోడకు తళతళ మెరుస్తున్న ఫ్రేము కనబడి ఆగాడు. "ఇదేమిటి?"

"ఈ నెల ఉత్తమ కృతజ్ఞత సార్. చీటీలన్నింట్లోకీ మంచిది ఏరి, బహుమతిచ్చి అక్కడ పెడతాను."

"సరే, చదువు. కళ్లజోడు కార్లో ఉండిపోయింది. ఈ దిక్కుమాలిన రోజున ఒక్క మంచిమాటైనా విని పోతాను."

సూపర్‌వైజరు గబగబా వెళ్లాడు. చీటీలో ఏముందో అతనికి గుర్తు లేదు. నెలకు మూడొందల చీటీలు. 'ధన్యవాదాలు' అన్న మాట కనబడితే చాలు, దాటుకుంటూ పోయేవాడు. బహుమతి ఇచ్చిన రోజు తాను కొట్టించిన చప్పట్లు మాత్రం బాగా గుర్తున్నాయి. ఫ్రేము ముందు నిలబడి, లోలోపల ఒకసారి చదువుకున్నాడు.

మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏమయ్యా, అక్షరాలు రావా?" అన్నాడు ఓనరు.

ఏదో ఒకటి కల్పించి చదివేయొచ్చు. ఓనరుకు కనబడదు. పనివాళ్లెవరూ నోరెత్తరు. ఎత్తకుండా నేర్పింది తనే. పక్కకు చూశాడు. మడతలక్క కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, అతని వైపు చూడకుండా నేల చూస్తోంది. తనకు రావలసిన సిగ్గు కూడా ఆమే పడుతున్నట్టుంది. అది చూసి ఇక తట్టుకోలేకపోయాడు.

గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చదివాడు.

"'ఇవాళ కూడా కడ్డీ ఊడి నా చెయ్యి రోలర్లో పడనందుకు ధన్యవాదాలు. ఇట్లు, మడతలక్క.'"

ఓనరు నెమ్మదిగా దగ్గరికొచ్చి, కళ్లు చికిలించి ఫ్రేము కేసి చూశాడు.

"కింద ఎర్రసిరాతో ఇంకేదో ఉన్నట్టుంది?"

"నేను రాసిందే సార్" అన్నాడు సూపర్‌వైజరు. "'శభాష్ అక్కా! రోజూ ఇలాగే ఆలోచించు!'"