ముందు దిగడం నేర్పాలి

అక్షరాలు నాకు పెద్ద వయసులో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. రాయడమూ నిదానమే. చదివేవాళ్లు మన్నించాలి.

హిందూపురం స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గర హేమావతి నోరు తెరవలేదు.

రామాంజినమ్మ వెనక నిలబడింది. కూతురి భుజం మీద తన చెయ్యి ఉంది. ఆ చెయ్యి నొక్కకూడదు. ఊరి పేరు తాను అందించకూడదు. వనిత మేడం మరీమరీ చెప్పిన మాట అది.

"యాడికి పాపా? బిన్నా చెప్పు, వెనక జనముండారు" కిటికీ లోపలి మనిషి విసుక్కున్నాడు.

ఎవరో వెనక నుంచి గొణిగారు.

"పెనుకొండ. రెండు" అంది హేమావతి.

మిషను గరగరమంది. చిల్లర రాలింది.

హేమావతికి ఇరవై ఏండ్లు. ఏ పనైనా మొత్తంగా చెబితే చెవులు మూసుకుని కూర్చుంటుంది. ముక్కలు చేసి నేర్పితే మాత్రం జన్మలో మరిచిపోదు. ఇలాంటి పిల్లలకు నేర్పే వనిత, రైలు ప్రయాణాన్ని అలాగే ముక్కలు చేసింది. అదీ తలకిందులుగా. ముందు దిగడం నేర్పింది. మిగతావన్నీ తానే చేసి, పెనుకొండలో బండి ఆగాక వాకిలి కమ్మీ పట్టుకోవడం, కిందికి చూడడం, ప్లాట్‌ఫారం బండ కనబడితేనే అడుగు వెయ్యడం, ఇంతవరకే పిల్ల చేత చేయించింది. అది కుదిరాక, సీటు నుంచి లేచి వాకిలి దాకా రావడం. ఆ తర్వాత ఎక్కడం. టికెట్టు అన్నిటికన్నా చివర.

"ఇదేం చోద్యం మేడం? ఎక్కకనే దిగేదా?" అని రామాంజినమ్మ అప్పట్లో నవ్వింది.

"దిగినాక బజ్జీ తినిపిస్తాం గదమ్మా. ఆ రుచి ముందు తెలియాల."

నేర్పేటప్పుడు మొదట్లో వనిత చెయ్యి హేమావతి మణికట్టు మీద ఉండేది. కొన్నాళ్లకు మోచేతి మీదికి, తర్వాత భుజం మీదికి జరిగింది. ఆపైన తీసేసింది. ఈరోజు వనిత అసలు రాలేదు. భుజం మీద ఉన్నది తల్లి చెయ్యి ఒక్కటే.

వనిత రాకూడదన్నది బావ చెన్నకేశవులు పెట్టిన షరతు. భర్త పోయాక రామాంజినమ్మకు ఆయనే పెద్ద దిక్కు.

"నిన్ను మేం చూసుకుంటాం. ఆ పిల్లను మాత్రం ఆశ్రమంలో వదిలేద్దాం" అన్నాడాయన. రామాంజినమ్మ ససేమిరా అంది.

"అయితే ఎవురి తోడూ లేకుండా మీరిద్దరే పెనుకొండకు రాండి, నేను స్టేషన్లోనే ఉంటా, చూద్దాం. వస్తే ఇంక ఆ మాట ఎత్తను. దిగలేక ధర్మవరం పోతిరా, మరునాడే ఆశ్రమం."

బండి కదిలింది.

"యాడికి పోతాండావక్కా?" ఎదుటి సీట్లోంచి ఒకామె పలకరించింది. పేరు మారెమ్మట. చాకర్లపల్లిలో దిగుతుందట.

"పెనుకొండకు."

"పాప తోడొచ్చిందా?"

"ఆ, తోడే."

"మాటే రాదే దీనికి! మేలే లే, అత్తతో కొట్లాట ఉండదు" అని మారెమ్మ పకపకా నవ్వింది. "ఇంద, శనక్కాయలు. తిను అక్కా."

హేమావతి అవి తీసుకుని తల్లి అరచేతిలో పోసి, వేళ్లు మూసింది.

"పెట్టే గుణముండాది బిడ్డకు" అంది మారెమ్మ, ఈసారి నవ్వకుండా.

ఆమె దిగిపోయాక పెట్టె సద్దుమణిగింది. కాసేపటికి బండి వేగం తగ్గింది. హేమావతి తనంతట తానే లేచింది. ఎప్పుడూ దిగే ఎడమ వాకిలి దగ్గరకు నడిచింది. రామాంజినమ్మ భుజం వదలకుండా వెంట నడిచింది.

బండి ఆగింది.

హేమావతి దిగలేదు.

చేతికింద ఆ భుజం రాయిలా బిగుసుకుంది. పెనుకొండలో బండి ఎంతోసేపు ఆగదు. రామాంజినమ్మ పళ్లు బిగబట్టింది. మాట్లాడకూడదు. తొయ్యకూడదు. వెనక పక్క నుంచి ఎవరివో అరుపులు. అందులో బావ గొంతు కూడా ఉన్నట్టుంది. ఎగతాళి చేస్తున్నాడేమో.

ఇంజను కూత వేసింది.

ఇంక ఆమె వల్ల కాలేదు.

"దిగు తల్లీ! బండి పోతాది, దిగు!" అని భుజాన్ని ముందుకు తోసింది.

హేమావతి కమ్మీ వదల్లేదు. పైగా వీపుతో తల్లినే వెనక్కి నెట్టింది. అయిపోయింది, అనుకుంది రామాంజినమ్మ. ఇంక ధర్మవరమే. ఆ తర్వాత ఆశ్రమమే.

అంతలో హేమావతి గిర్రున తిరిగింది. తల్లి మణికట్టు పట్టుకుని బరబరా రెండో పక్క వాకిలికి ఈడ్చుకుపోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. అడుగు వేసింది. తల్లినీ దించింది. పాదాల కింద బండ తగిలిన మరుక్షణం, వెనక బండి కదిలిపోయింది.

చెన్నకేశవులు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత అరిచినా ఇనపడలేదామ్మా? నువ్వు పాపను నూకుతాంటే నా పానం పోయింది! ఈ పొద్దు బండిని ఇంకో ప్లాట్‌ఫారానికి తెచ్చినారు. మీరు నిలబడిన పక్క ఉత్త కంకర, పట్టాలు. ఆ పట్టాల మీద గూడ్సు బండి వస్తాండె..."

రామాంజినమ్మ చెయ్యి మళ్లీ కూతురి భుజానికి చేరింది.

"బజ్జీ" అంది హేమావతి.

"పెట్టిస్తా తల్లీ. ఎన్ని కావల్లంటే అన్ని" అన్నాడు పెదనాయన. ఆశ్రమం మాట ఎత్తలేదు.

రామాంజినమ్మకు చూపు పోయాక, తల్లిని హేమావతి ఒక్కతే నడిపించుకొని వచ్చిన మొదటి ప్రయాణం అది.

— అనసూయమ్మ, అరవై ఏడేండ్లు, ప్రస్తుతం ఉండేది రొద్దం