నల్లకారు మీద తెల్లచెయ్యి

"చెయ్యి పెట్టు," అన్నాడు ఇస్సాకు కూతురితో.

"ముట్టుకుంటే మళ్ల మరకైందంటవు గద డాడీ!"

"ముట్టుకోకు. జర ఎడంగ పెట్టు. కొలత చూడాలె."

బ్లెస్సీ నవ్వు ఆపుకుంటూ కారు తలుపుకు వేలెడు దూరంలో అరచెయ్యి చాపింది. నల్లగా నిగనిగలాడే కొత్త కారు. డ్రైవరు పక్క తలుపు మీద మాత్రం ఐదు వేళ్లతో సహా తెల్లటి చేతిముద్ర. ఎల్బీనగర్‌లోని ఆ అపార్ట్‌మెంటు పార్కింగులో, ఆదివారం పొద్దున్నే, పళ్లు తోముకున్న వెంటనే మొదలైంది ఈ విచారణ.

"నా వేళ్లు బెండకాయలు, గివి అరటికాయలు. నేను కాదు," అంది బ్లెస్సీ.

పాలిష్ కొట్టే మధు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, ముద్రను డాక్టరులా పరీక్షించాడు.

"సన్‌స్క్రీనే అన్నా. మొఖానికి రాస్కున్న చేత్తోనే తలుపు పట్టుకున్నరు. ఎంబడే తుడిస్తే పోతుండె. మీరేమో చూస్కోకుండ పైనుంచి కవర్ కప్పిన్రు. ఎండకు లోపల్నే ఉడికి రంగుల దిగింది."

"అంటే నేనే ఉడకబెట్టిన్నా?" అన్నాడు ఇస్సాకు.

"పాలిష్ కొడ్తే పోతది. పైన వ్యాక్స్ గూడ పూస్త. గానీ వారం వారం గిట్ల రుద్దుకుంట పోతే రంగు అరిగిపోతది. క్రీము రాస్కుంటే చేతులు కడుక్కోనే కారు ముట్టాలని ఇంట్లోల్లకు చెప్పున్రి."

ఇంట్లోవాళ్లకు చెప్పడమా! కారు వచ్చి రెండు నెలలైంది. ఇస్సాకు దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాడు. అంటే, ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. చర్చి ముందు నీడ లేదు కాబట్టి ఆదివారాలు ఇంటిల్లిపాదీ దిల్‌సుఖ్‌నగర్‌కు ఆటోలోనే పోతారు. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము, రెండూ లేని రోజున పావురాలు. ఇన్ని గండాల నుంచి కాపాడిన కారును ఇప్పుడెవరో ముఖానికి రాసుకునే క్రీముతో పాడుచేస్తుంటే ఆయనకు అన్నం సయించడం లేదు. భార్య చెయ్యి నిన్ననే కొలిచాడు. ఆవిడ అప్పటి నుంచీ మాట్లాడటం లేదు.

"ఇంట్ల నీకు తప్ప సన్‌స్క్రీన్ ఎవ్వలకున్నది?" కూతురి మీదికే మళ్లీ వచ్చాడు.

"డబ్బా నాదే డాడీ. చెయ్యే నాది కాదు."

అంతలో మెట్ల దగ్గర నుంచి ఇస్సాకు తల్లి ఎలీశమ్మ తొంగిచూసింది. "పొద్దుగాలనే ఏం పంచాయితీ బిడ్డా?"

"నీకు సమజ్ కాదు తీయమ్మా. మొఖానికి పూసుకునే క్రీముల ముచ్చట."

"అట్లనా," అని డెబ్బై ఏళ్ల ఎలీశమ్మ మెల్లగా పైకి వెళ్లిపోయింది.

మధు ముద్ర పోగొట్టి, వ్యాక్స్ పూసి, తలుపును అద్దంలా చేసి వెళ్లాడు. ఇస్సాకు మాత్రం కదల్లేదు. పోయిన ఆదివారం ఒక ముద్ర, అంతకుముందు ఆదివారం ఒక ముద్ర. రెండూ తను కారు కడిగి, స్నానానికి పైకెళ్లి వచ్చి కవర్ కప్పేలోపే పడ్డాయి. దొంగకు తన స్నానం వేళ తెలుసన్నమాట!

ఇంట్లోకి వెళ్లి, "నేను తానం చేస్తున్న!" అని నలుగురికీ వినపడేలా కేకేశాడు. బకెట్టులోకి కుళాయి తిప్పాడు. బాత్‌రూమ్ తలుపు బయటి నుంచి దగ్గరగా వేసి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చి స్తంభం వెనక నక్కాడు.

అయిదు నిమిషాలకు లిఫ్టు తలుపు తెరుచుకుంది. తెల్లచీర, చంకలో బైబిలు, ముఖం నిండా సగం ఇంకీ ఇంకని క్రీము. ఎలీశమ్మ!

ఆమె అటూ ఇటూ చూసింది. కారు దగ్గరికి వచ్చి, తలుపు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి, కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

ఇస్సాకుకు అప్పుడర్థమైంది. చెయ్యి పెట్టనిదే ఎలీశమ్మకు ప్రార్థన కాదు. జ్వరమొస్తే నుదురు మీద, పరీక్షలొస్తే హాల్‌టికెట్టు మీద, చివరికి గ్యాసు అయిపోవస్తే సిలిండరు మీద కూడా పెడుతుంది. ఆ చేతినా తను దొంగ చెయ్యి అన్నది! సిగ్గుతో చచ్చిపోయాడు. "ఆమేన్" అనేదాకా ఆగి బయటికొచ్చాడు.

"అమ్మా!"

ఎలీశమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. అద్దంలాంటి తలుపు మీద ఐదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు మిగిలాయి.

"అయ్యో! చూస్కోలే బిడ్డా. ఆటోల ఎండ మొఖం మీదనే కొడుతుందని బ్లెస్సి డబ్బాల క్రీము జర రాస్కున్న."

"మరకైతే కానీ అమ్మా." మనస్ఫూర్తిగానే అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నేను క్షేమంగ పోయి రావాలనే గద, ఇంత ప్రార్థన?"

"దానికైతే ఇంట్లనే చేస్త, పొద్దూ మాపూ."

"మరి ఈడ?"

ఎలీశమ్మ కొంగుతో తలుపు తుడవబోయి ఆగింది. కొడుకు ముఖంలోకి చూసింది.

"ప్రార్థన కాడ అబద్ధమాడొద్దు బిడ్డా. 'ప్రభువా, ఈ కారుకు జల్ది ఒక్క గీత పడనియ్యి, గప్పుడన్న నా కొడుకు పానం కుదుటపడి మమ్మల్ని ఎక్కనిస్తడు' అని అడుగుతున్న."